కూల్చే ముందు కొలతలు తీసుకోండి: ఉత్తర చెన్నై పాత కార్ఖానాల గురించి బహిరంగ లేఖ

చెన్నై వారసత్వ సంరక్షణ సంఘం సభ్యులకు, నగరాభివృద్ధి, పురావస్తు, కార్మిక శాఖల అధికారులకు, ఇక్కడి కాలేజీల్లో చరిత్ర, ఆర్కిటెక్చర్, ఇంజనీరింగ్ చెప్పే అధ్యాపకులకు, చెన్నై తెలుగు సంఘాల పెద్దలకు

నమస్కారం.

నేను పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. టూల్ రూము ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మీలో కొందరు ఈ ఊరి పాత కట్టడాల కోసం కోర్టు మెట్లెక్కినవాళ్ళు. మౌంట్ రోడ్డు మీది భారత్ ఇన్సూరెన్స్ భవనం విషయంలో 2010లో మద్రాసు హైకోర్టు తీర్పు వచ్చిందంటే ఆ పట్టుదల వల్లే. ఆ తీర్పుతోనే 467 వారసత్వ కట్టడాల జాబితాకు అండ దొరికింది, దాన్ని చూసుకోవడానికి ఒక సంఘం ఏర్పడింది. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

మా ప్రాంతంలో ఒక పాత కార్ఖానా ఆవరణ చేతులు మారింది. కూల్చబోతున్నారని తెలిసి మేం కొందరం అర్జీ పెట్టుకున్నాం. లోపలి యంత్రాల ఫొటోలు, కొలతలు తీసుకోనివ్వండి, ఆఫీసు గదిలో ఉన్న రిజిస్టర్లు, డ్రాయింగులు ఆర్కైవ్సుకు పంపించండి, అంతే అడిగింది. ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పొమ్మంది. ఆ రెండో చోట ‘అది వారసత్వ జాబితాలో లేదు కదా’ అన్నారు. ఎందుకు లేదండీ అంటే, చేర్చమని ఎవరూ అడగలేదట. ఇప్పుడు మేం అడుగుతున్నాం కదా అంటే రసీదు చేతిలో పెట్టారు. ఈలోగా లారీలు వచ్చాయి. డ్రాయింగుల చుట్టలు పాత కాగితాల కింద కిలో లెక్కన పోయాయి. యంత్రాలను గ్యాస్ కట్టరుతో కోసి తూకానికి అమ్మారు. ఆ కంపెనీ పేరు, ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే మీరు ఆ ఒక్క ఫైలు గురించే మాట్లాడతారు. రేపు ఇంకో గేటు దగ్గర ఇదే జరగబోతోంది, నాకు దిగులు దాని గురించి.

తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి అర్జీలు పెట్టినా జవాబు రాలేదు. అందుకే ఇది తెలుగులో, అందరి ముందూ రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. వ్యాసర్పాడి, పుళియంతోపు, ఓటేరి, రాయపురం, కొరుక్కుపేట వీధుల్లో తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి మిల్లు పనికి, రైల్వే పనికి, ఓడరేవు కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. మద్రాసు ఎవరిదన్న గొడవ మీద మనవాళ్ళు పేజీలకు పేజీలు రాశారు. ఆ మద్రాసులో రాత్రి షిఫ్టు చేసిన తెలుగువాడి గురించి రాసినవాళ్ళు ఎంతమంది? వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ముందే ఒక మాట చెబుతాను. కార్ఖానాలన్నీ మ్యూజియాలు చేయమని నేను అనడం లేదు. మూతపడ్డ మిల్లు చుట్టూ గోడ కట్టి, లోపల తుమ్మచెట్లు పెరగనిచ్చి ‘కాపాడుతున్నాం’ అనుకోవడం నాకూ నచ్చదు. ఊళ్ళో జనానికి ఇళ్ళు కావాలి, స్థలం కావాలి. కూల్చవలసినవి కూల్చండి. కాని కూల్చే ముందు కొలతలు తీసుకోండి, కాగితాలు దాచండి, అక్కడ పనిచేసినవాళ్ళను కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. నా కోరిక మొత్తం ఇంతే.

మిల్లు సంగతి

పెరంబూరులో ముసలివాళ్ళు నలుగురు కూర్చుంటే బిన్నీ మిల్లు మాట రాకుండా ఉండదు. 1876లో బకింగ్‌హామ్ మిల్లు, 1880ల తొలినాళ్ళలో కర్ణాటిక్ మిల్లు వచ్చాయి. బిన్నీ కంపెనీ నడిపిన ఈ రెండూ 1920లో ఒకటయ్యాయి. ఇక్కడి ఖాకీ గుడ్డ సైన్యానికి వెళ్ళేది. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది ఈ మిల్లుల కార్మికులతోనే. దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘాల్లో అదొకటి. బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు. ఆయన్ని కార్మికుల దగ్గరికి తీసుకొచ్చినవాళ్ళు సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అనే ఇద్దరు వ్యాపారులు. తర్వాత తిరు.వి. కల్యాణసుందరం కూడా సంఘాన్ని నడిపించారు. మధ్యాహ్నం తిండి తినడానికి ఇచ్చే సమయం చాలడం లేదు, పెంచండి అన్నది వాళ్ళ తొలి కోర్కెల్లో ఒకటి. అంత చిన్న విషయం.

నాయుడు అన్న పేరు పట్టుకుని ఆయన మనవాడని చాటింపు వేయడం నా ఉద్దేశం కాదు. కార్మికుల చరిత్రలో గొప్పలు చెప్పుకునేవీ ఉన్నాయి, తల దించుకునేవీ ఉన్నాయి. 1921 సమ్మె నెలల తరబడి సాగింది. ఆదిద్రావిడ (దళిత) కార్మికులు ఒకవైపు, సవర్ణ హిందువులు, ముస్లిములు ఇంకోవైపు చీలిపోయారు. పుళియంతోపులో ఇళ్ళు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆదిద్రావిడుల తరఫున ఎం.సి. రాజా నిలబడ్డారు. ఎవరు పనిలోకి వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు, ఎందుకు వెళ్ళలేకపోయారు అన్నది ప్రభుత్వ నివేదికల్లో ఒకలా ఉంటుంది, యూనియన్ కరపత్రాల్లో ఇంకోలా ఉంటుంది. మిల్లు హాజరు పట్టీలు దొరికితే ఇంకా చాలా తెలుస్తుంది. ఏ ఖాతాలో (మిల్లులో విభాగాన్ని అలా అంటాం) ఎవరు పనిచేశారు, ఎవరికి ఎంత జీతం, ఎవర్ని ఎప్పుడు తీసేశారు అన్నవి అక్కడే ఉంటాయి.

అదే కాలంలో కంపెనీ యూనియన్ నాయకుల మీద హైకోర్టుకు వెళ్ళి, కార్మికుల్ని పని మానమని ప్రేరేపించకుండా నిషేధపుటుత్తర్వు తెచ్చుకుంది. సంఘం పెట్టుకోవడమే నేరంలా మారిన ఆ స్థితి చూసి కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో చట్టం కావాలని పట్టుబట్టారు. ఆ పోరాటం నుంచే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఇవాళ దేశంలో ఏ మూల ఎవరు యూనియన్ రిజిస్టర్ చేసుకున్నా దాని వెనక పెరంబూరు మిల్లు గేటు ఉంది. మెరీనాలో 1959 నుంచి శ్రామికుల విగ్రహం నిలబడి ఉంది, బండరాయిని కదిలిస్తున్న నలుగురు మనుషులు. సెలవు రోజున అందరం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతాం. ఆ చట్టానికి కారణమైన చోట మాత్రం ఫొటో దిగడానికి ఏమీ మిగల్లేదు.

మిల్లు 1996లో మూతపడింది. తర్వాత కొన్నాళ్ళు ఆ షెడ్లు సినిమా షూటింగులకు పనికొచ్చాయి. హీరో గారు పదిమంది రౌడీలను గోడకేసి కొట్టే ఫైట్లలో మీరంతా ఆ స్తంభాల్ని చూసే ఉంటారు. దానిమీద నాకు కోపం లేదు, కనీసం తెరమీదైనా ఉన్నాయి. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు. పోల్చి చూసుకోవడానికి ఒక్కటి చెబుతాను. జర్మనీలో ఎస్సెన్ ఊళ్ళో జోల్‌ఫెరైన్ అనే బొగ్గుగని ఉంది. అది 1986లో మూతపడితే 2001 కల్లా ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గని పైన ఉండే ఇనుప గోపురంతో సహా నిలబెట్టుకున్నారు. వాళ్ళ డబ్బు వేరు, మన డబ్బు వేరు అంటారు. నిజమే. టేపు పట్టుకుని కొలవడానికి జర్మనీ డబ్బు అక్కర్లేదు.

ఫిట్టరు కంటితో

ఇక్కడ అధ్యాపకులు కాస్త ఓపిక పట్టాలి. పాత కార్ఖానా అంటే ఎర్ర ఇటుక గోడ, వంపు కిటికీ, దాని ముందు కాఫీ హోటలు అని చాలామంది అనుకుంటున్నారు. గోడను మాత్రమే ఉంచి లోపలిదంతా ఖాళీ చేస్తే మిగిలేది సినిమా సెట్టింగు. పాత మిల్లులో గోడ కన్నా ముందు షాఫ్టు ఉంది. ఒక మూల ఆవిరి ఇంజను. దాన్నుంచి పైకప్పు కింద పొడుగునా తిరిగే ఇనుప షాఫ్టు. షాఫ్టు మీద పుల్లీలు, పుల్లీ నుంచి ఒక్కో యంత్రానికి తోలు బెల్టు. ఇంజను ఒక్కటే, మగ్గాలు వందలు. షెడ్డు అంత పొడుగ్గా ఎందుకుంది, స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకున్నాయి అంటే షాఫ్టు వల్ల. పైకప్పు రంపపు పళ్ళలా ఎగుడుదిగుడుగా ఉండి, అద్దాలన్నీ ఉత్తరం వైపే ఎందుకు చూస్తాయంటే, ఎండ సూటిగా పడకుండా రోజంతా ఒకే రకం వెలుతురు రావాలి. నేతలో తెగిన పోగు కనిపించాలంటే అది తప్పదు. కరెంటు వచ్చి ఒక్కో యంత్రానికి ఒక్కో మోటారు పెట్టాక షాఫ్టు పోయింది. కాని స్తంభానికి బేరింగు బిగించిన బోల్టు రంధ్రాలు అలాగే ఉండిపోతాయి. వాటి వరస కొలిస్తే ఏ కాలంలో ఏ యంత్రం ఎక్కడుందో చెప్పవచ్చు. రంధ్రాలకు సిమెంటు పూసి వెల్ల వేశాక ఏ ప్రొఫెసరూ చెప్పలేడు.

యంత్రమైనా అంతే. లేతు యంత్రం ఒక్కటే తీసుకెళ్ళి మ్యూజియంలో పెడితే అది ఇనుప ముక్క. దాని గేరు చక్రాల సెట్టు, నేమ్ ప్లేటు మీది నంబరు, దానికి మనవాళ్ళు చేసుకున్న మార్పులు, పక్కన గోడమీద సుద్దతో రాసుకున్న కొలతలు, అవన్నీ కలిస్తేనే పని అర్థమవుతుంది. దిగుమతి చేసిన యంత్రంలో భాగం అరిగితే విదేశం నుంచి వచ్చేదాకా ఆగలేక ఇక్కడే పోత పోసి, ఇక్కడే చెక్కి వేసుకున్న భాగాలు ప్రతి పాత కార్ఖానాలోనూ ఉంటాయి. నా లెక్కలో ఈ దేశపు ఇంజనీరింగ్ చరిత్ర ఆ భాగాల్లోనే ఉంది. వాటిని చేసినవాళ్ళు పేపర్లు రాయలేదు. చేతికి తెలిసింది చేశారు. ఆ చేతులు ఇప్పుడు డెబ్బయి, ఎనభై ఏళ్ళవి.

చేయాలంటే ఎలా చేయవచ్చో మా పెరంబూరులోనే ఒక ఉదాహరణ ఉంది. ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 అక్టోబర్ 2న మొదలైంది. స్విట్జర్లాండ్ కంపెనీ సాయంతో రైలు పెట్టెల తయారీ నేర్చుకుని దశాబ్దాల పాటు దేశమంతటికీ పంపింది. ఆ పాత డిజైను చివరి పెట్టె 2018 జనవరిలో బయటికొచ్చింది. ఆ ఫ్యాక్టరీ పక్కనే 2002 నుంచి రైలు మ్యూజియం ఉంది. ఆదివారాల్లో పిల్లలు పాత ఇంజన్లెక్కి దిగుతుంటారు. 1856లో తెరిచిన రాయపురం స్టేషను ఇంకా నిలబడి ఉంది, దక్షిణ భారతంలో మిగిలిన స్టేషన్లలో అదే పాతది. రైల్వేకు ఓనరు ఒకడున్నాడు, అందుకని దాని జ్ఞాపకాలకూ ఓనరున్నాడు. ట్రాములకు లేడు. 1895లో కరెంటు ట్రాము నడిపి దేశానికి దారి చూపింది ఈ ఊరే, 1953లో కంపెనీ చితికిపోయి ఆగిపోయింది. మద్రాసులో ట్రాము నడిచేదని మా వీధి పిల్లలకు చెబితే నమ్మరు.

కాలువ కూడా కార్ఖానాయే

కార్ఖానా ఒక్కటే పారిశ్రామిక వారసత్వం కాదు. సరుకు మోసిన దారి కూడా అందులోకే వస్తుంది. 2003లో ఈ రంగం పండితులు రష్యాలోని నిజ్నీ తాగిల్‌లో ఒప్పుకున్న ప్రకటనలో రవాణా మార్గాలు, గిడ్డంగులు, కార్మికుల ఇళ్ళు, బళ్ళు, గుళ్ళు అన్నీ ఉన్నాయి. ఆ లెక్కన మా బకింగ్‌హామ్ కాలువను మించిన వారసత్వం చెన్నై తెలుగువాళ్ళకు లేదు.

1806లో బేసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత ప్రభుత్వం తీసుకుని పెంచుకుంటూ పోయింది. 1876-78 కరువులో తిండిలేక వచ్చిన జనాలతో కూవం, అడయారు నదుల మధ్య భాగం తవ్వించారు. కరువు కూలితో కట్టిన ఆ కాలువకు గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉన్నాయేమో, చరిత్ర అధ్యాపకులు చెప్పాలి. పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసి, పులికాట్ మీదుగా మద్రాసు దాటి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. శ్రీహరికోట అడవి కట్టెలు ఈ నీళ్ళ మీదే వచ్చి మద్రాసు పొయ్యిల్లో మండాయి. బియ్యం, ఉప్పు, సున్నపు గుల్ల పడవల్లో వచ్చాయి. నది అడ్డం వచ్చిన చోటల్లా లాకులు కట్టారు. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిమట్టం సమం చేసి దాటించేవాళ్ళు.

1960లు, 70ల తుఫాన్లు దెబ్బ తీశాక పడవలు ఆగిపోయాయి. 1990ల్లో నగరం నడిబొడ్డున కాలువ మీదే రైలు వంతెన స్తంభాలు లేచాయి. 2008లో కాలువను జాతీయ జలమార్గంలో చేర్చారు. చేర్చిన సంగతి కాలువకు తెలిసినట్టు లేదు, మురుగు మోస్తూనే ఉంది. 2023 డిసెంబరు వరదల్లో చమురు తెట్టు ఈ కాలువ మీదుగా ఎన్నూరు కడలిపాయలోకి చేరి జాలర్ల పడవలు, వలలు నల్లబడిపోయాయి.

రాసుకోకపోతే నష్టం ఎవరికి

ఇదంతా పాతకాలం ముచ్చట్లు ఇష్టపడే ముసలివాళ్ళ గోల అని మీకు అనిపించవచ్చు. అందుకని మామూలు మనుషులకు జరిగే నష్టం ఏమిటో వరసగా రాస్తున్నాను.

1. కాగితం పోతే పెన్షను పోతుంది. మూతపడ్డ కంపెనీల్లో పనిచేసినవాళ్ళు, వాళ్ళ భార్యలు ప్రావిడెంట్ ఫండు బకాయి కోసం, 1995 పెన్షను పథకం కింద వచ్చే కాస్త డబ్బు కోసం తిరుగుతూనే ఉన్నారు. ఆ పెన్షనుకు పదేళ్ళ సర్వీసు చూపాలి. కంపెనీ లేదు, రిజిస్టరు లేదు, తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉంటే సరిచేసేవాడు లేడు. బదిలీ కార్మికుడిగా, అంటే రానివాడి బదులు పనికి, ఏళ్ళ తరబడి గేటు దగ్గర నిలబడి దొరికిన రోజు పనిచేసినవాడి సంగతి ఇంకా అన్యాయం. అతని పేరు ఉండేదల్లా హాజరు పట్టీలోనే. కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలు 8 ఏళ్ళు దాస్తే చాలంటుంది. మనిషి పనిచేసేదేమో ముప్ఫయ్యేళ్ళు. నేను వారసత్వం అంటున్న రిజిస్టరు ఒక ముసలమ్మకు బియ్యం డబ్బు.

2. నేల కింద ఏముందో తెలియదు. అద్దకం ఖాతా ఎక్కడుండేది, యాసిడ్ తొట్టి ఎక్కడ, నూనె ట్యాంకు ఎక్కడ పాతారు, ఆస్బెస్టాస్ చుట్టిన గొట్టాలు ఏ గోడలో ఉన్నాయి, ఇవన్నీ సైటు డ్రాయింగుల్లో ఉంటాయి. ఆ డ్రాయింగులు తూకానికి అమ్మి, ఆ నేలమీద ఫ్లాట్లు కట్టి, బోరు వేసి నీళ్ళు తాగమంటున్నాం. కూల్చే కూలీకి తాను విరగ్గొట్టే గొట్టంలో ఏముందో చెప్పేవాడు లేడు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. సయనైడుతో బంగారం తీయగా మిగిలిన మట్టి దిబ్బలు ఇప్పటికీ ఊరి మధ్య ఉన్నాయి, గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకే. చిత్తూరు జిల్లా వాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ దిబ్బ కంటికి కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడవచ్చు. ఇక్కడ నేలలో కలిసిపోయింది.

3. ఊపిరితిత్తుల జబ్బులకు కారణం దొరకదు. పత్తి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు బిసినోసిస్ వస్తుంది. సెలవు తర్వాత పనిలోకి వెళ్ళిన మొదటిరోజు ఛాతీ పట్టేసినట్టుండటం దాని లక్షణం. ఏ ఖాతాలో ఎన్నేళ్ళు పనిచేశాడో చెప్పే కాగితం లేకపోతే డాక్టరు దాన్ని బీడీ దగ్గు కింద రాసేస్తాడు.

4. నీళ్ళు ఎటు పోవాలో మరిచిపోతాం. పాత మిల్లులకు సొంత చెరువులు, కాలువలు, వరదనీటి తూములు ఉండేవి. బకింగ్‌హామ్ కాలువ వెడల్పు, లోతు, ఎక్కడెక్కడ ఏ వాగు కలిసేది అన్నది పాత పటాల్లో ఉంది. 2015లోనూ 2023లోనూ మా వీధుల్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. అప్పుడు ‘ఈ నీళ్ళు ఒకప్పుడు ఎటు పోయేవి’ అని ముసలివాళ్ళను అడిగారు. ముసలివాళ్ళు ఉన్నారు కాబట్టి అడిగారు.

5. మా పిల్లలకు తమ పేట మీద గౌరవం లేదు. సినిమాల్లో ఉత్తర చెన్నై అంటే కత్తి, గంజాయి, బాక్సింగు. మా మనవడు కాలేజీలో ఏ ఊరు అంటే వ్యాసర్పాడి అని చెప్పడానికి తడుముకుంటాడు. మీ తాతల సమ్మె నుంచి దేశానికి ఒక చట్టం వచ్చిందని వాడికి ఏ పాఠమూ చెప్పలేదు.

చట్టంలో సందు

అధికారులు తమ చేతుల్లో లేదంటారు. కొంత నిజం కూడా. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువుకు నూరేళ్ళు నిండాలి, రాతప్రతికీ చారిత్రక పత్రానికీ 75 ఏళ్ళు చాలు. 1950ల తర్వాతి యంత్రాలు, డ్రాయింగులు ఏ లెక్కలోకీ రావు. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వానికి, దాని సంస్థలకు మాత్రమే. ప్రైవేటు మిల్లు కాగితాల జోలికి పోదు. స్వాతంత్ర్యం వచ్చాక మనం కట్టుకున్న కార్ఖానాలు, గిండీ, అంబత్తూరు పారిశ్రామికవాడలు, 1970లో మొదలై 2017లో మూతపడ్డ ఎన్నూరు థర్మల్ స్టేషను, ఇవేవీ ‘ప్రాచీనం’ కావు. నూరేళ్ళు నిండేదాకా ఆగుదామంటే అప్పటికి నేలమట్టం. తెల్లవాడు కట్టిన బంగళాకు ఉన్న రక్షణ మనవాడు కట్టిన వర్క్‌షాపుకు లేదు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

మా కోర్కెలు

1. కూల్చివేత అనుమతికి ముందు నమోదు తప్పనిసరి చేయండి. ముప్ఫయ్యేళ్ళు దాటిన ప్రతి కార్ఖానా, వర్క్‌షాపు, గిడ్డంగి, ప్రెస్సు, స్టూడియోకు కొలతలతో కూడిన ప్లాను, ఫొటోలు, యంత్రాల జాబితా సమర్పించాకే అనుమతి ఇవ్వండి. ఖర్చు స్థలం అభివృద్ధి చేసేవాళ్ళదే. కోట్ల ప్రాజెక్టులో అది లిఫ్టు అద్దం ఖరీదు కూడా కాదు. పని పేరుతో ఏళ్ళు సాగదీయకుండా గడువు కూడా పెట్టండి, బిల్డర్లు దాన్ని సాకుగా చూపకుండా.

2. మూతపడే కంపెనీ కాగితాలు నాశనం చేసే ముందు ఎగ్మూరులోని రాష్ట్ర ఆర్కైవ్సుకు నోటీసు ఇవ్వాలి. మూతపడ్డ కంపెనీ ఆస్తులు అమ్మే లిక్విడేటరు చేతిలో ఉన్నవాటికీ ఇదే వర్తించాలి. హాజరు పట్టీలు, జీతాల పుస్తకాలు, ప్రమాదాల రిజిస్టర్లు, డ్రాయింగులు ముందు తీసుకోండి. వాటిలో వ్యక్తుల వివరాలు ఉంటాయి కాబట్టి ఎవరు చూడవచ్చో నియమం పెట్టండి. కార్మికుడికి, అతని వారసులకు మాత్రం తమ పేజీ నకలు ఉచితంగా ఇవ్వండి.

3. వారసత్వ జాబితాలో పారిశ్రామిక స్థలాలకు వేరే భాగం తెరవండి. రాయపురం నుంచి ఎన్నూరు దాకా, పెరంబూరు నుంచి అంబత్తూరు దాకా మొదటి సర్వే చేయించండి. జాబితాకు పేరు సూచించడానికి మామూలు మనిషికి ఒక పేజీ ఫారం ఉండాలి, తమిళం, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో.

4. బకింగ్‌హామ్ కాలువ మీద మిగిలిన లాకులు, పాత వంతెనలు, రేవులు ఎక్కడెక్కడ ఉన్నాయో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ కలిసి ఒకే సర్వేగా లెక్కించాలి. కాలువకు రాష్ట్ర సరిహద్దు తెలియదు. ఫైలుకు తెలుసు, చిక్కంతా అక్కడే.

5. అధ్యాపకులకు: గిండీ ఇంజనీరింగ్ కాలేజీ మొదలు నగరంలోని ప్రతి ఆర్కిటెక్చర్, మెకానికల్, చరిత్ర శాఖ ఏటా ఒక పాత కార్ఖానాను విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వండి. ఇద్దరు పిల్లలు, ఒక టేపు, ఒక ఫోను కెమెరా, పక్కన ఒక రిటైర్డ్ మేస్త్రీ ఉంటే చాలు. మేస్త్రీకి రోజు కూలి ఇవ్వండి, ఊరికే రమ్మనకండి. ఆయన చెప్పేది ఆయన భాషలోనే రికార్డు చేయండి. ‘బాగా పనిచేశాం సార్’ అన్నదాంతో ఆగిపోకండి. వేలు ఎలా తెగింది, ఫోర్‌మన్ ఎవర్ని ఎలా పిలిచేవాడు, ఆడవాళ్ళకు ఏ పని ఇచ్చేవాళ్ళు, క్యాంటీన్లో ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళు, ఇవన్నీ అడగండి.

6. తెలుగు సంఘాల పెద్దలకు: మనం ఏటా సన్మానాలకు, శాలువాలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు తిప్పండి. 1854లో మొదలైన వావిళ్ళ ప్రెస్సు ఈ ఊరిదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను 1914లో ఇక్కడికి తెచ్చి దినపత్రిక చేశారు. 1947 నుంచి చందమామ అచ్చయింది ఇక్కడే. వడపళనిలో వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు ఆసుపత్రి, మాల్. రచయితల పేర్లు మనకు నోటికి వచ్చు. సీసం అక్షరాలు కూర్చిన కంపోజిటర్లు, ట్రెడిల్ అచ్చుయంత్రం తొక్కినవాళ్ళు, ల్యాబులో రీళ్ళు కడిగినవాళ్ళు, సెట్టు వడ్రంగులు ఎవరో తెలియదు. వాళ్ళలో బతికున్నవాళ్ళ జాబితా ముందు తయారు చేయండి. మీ ఇళ్ళ అటకల మీద పాత అచ్చు దిమ్మలు, రసీదు పుస్తకాలు, యూనియన్ కార్డులు, జీతం చీటీలు ఉంటే పాత సామాన్ల వాడికి వేయకండి.

ఈ ఆరింటిలో మొదటి రెండింటికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదని నా నమ్మకం. అనుమతి ఇచ్చే ఫారంలో ఒక షరతు చేర్చడం అధికారుల చేతిలో పని. చేర్చలేమంటే ఏ నియమం అడ్డమో చెప్పండి, దాన్ని మార్చమని మేం శాసనసభ్యుల దగ్గరికి వెళ్తాం.

మా పేటలోనే ఇంకో రెండు పాత ఆవరణలకు కొత్తగా తాళాలు పడ్డాయి. వర్షాకాలం లోపు వాటి లోపలికి వెళ్ళి కొలతలు తీసుకోవడానికి అనుమతి కావాలి. రిటైర్డ్ ఫిట్టర్లం, వెల్డర్లం, ఒక డ్రాఫ్ట్స్‌మన్ సిద్ధంగా ఉన్నాం, జీతం అక్కర్లేదు. జవాబు తమిళంలో ఇచ్చినా, తెలుగులో ఇచ్చినా, ఇంగ్లీషులో ఇచ్చినా సరే. రసీదు మాత్రం వద్దు, అది ఇప్పటికే మా దగ్గర ఉంది.

ఇట్లు,
పెరంబూరు, వ్యాసర్పాడి రిటైర్డ్ కార్మికుల తరఫున
ఒక టూల్ రూము ఫిట్టరు